ఎన్‌క్లోజర్ మార్చుకోవడానికి వచ్చిన అమ్మాయి

"ఏవండీ, ఈ డబ్బా మీ షాపుదేనా?"

గొంతులో కోపం ఉంది గానీ 'అండీ' మాత్రం ఎక్కడా జారలేదు. తలెత్తి చూశాను. వానలో సగం తడిసిన అమ్మాయి. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు. ఇంకో చేతిలో సన్నటి అల్యూమినియం డబ్బా.

"మాదేనండీ. ఎస్‌ఎస్‌డీ ఎన్‌క్లోజర్."

"దాని పేరు నాకూ తెలుసండీ. పని చెయ్యట్లేదు. ఆ ముక్క చెప్దామనే తాడేపల్లిగూడెం నుంచి వచ్చాను."

అప్పుడు గుర్తొచ్చింది ఆ గొంతు. బుధవారం ఫోన్లో విన్నాను. 'ఎమ్ డాట్ టూ డ్రైవ్‌కి ఎన్‌క్లోజర్ ఉందా అండీ?' అని అడిగింది. 'ఉందండీ' అన్నాను. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన డ్రైవ్‌ని ఆ డబ్బాలో పెట్టి ఏ కంప్యూటర్‌కైనా తగిలించుకోవచ్చు. గురువారం ఆవిడ స్కూల్లోనే పనిచేసే జాయ్సీ టీచర్ వచ్చి పట్టుకెళ్ళింది. ఇవాళ శుక్రవారం.

నా పేరు నెల్సన్. ఏలూరు పవర్‌పేటలో, స్టేషన్ దగ్గర కంప్యూటర్ల షాపు నాది. అమ్మకం నేనే, రిపేరూ నేనే. చెడిపోయిన వస్తువు తెచ్చి అరిచేవాళ్ళు నాకు కొత్త కాదు. అరవకుండా కళ్ళతోనే కోప్పడే మనిషిని చూడటం మాత్రం అదే మొదలు.

"డ్రైవ్ తెచ్చారా?"

బ్యాగులోంచి రుమాలు తీసి, మడతలు విప్పి, చూపుడువేలంత పచ్చటి ముక్కని కౌంటర్ మీద పెట్టింది. అంత జాగ్రత్తగా బంగారాన్ని కూడా ఎవరూ పెట్టరు.

ముక్క అంచు చూడగానే నా మొహం మారింది. అది ఆవిడ కనిపెట్టేసింది.

"ఏమైందండీ? పోయిందా?"

"అబ్బే, పోలేదండీ. ఇది సాటా రకం. మీకిచ్చింది ఎన్‌వీఎమ్‌ఈ డబ్బా."

"రెండూ ఎమ్ డాట్ టూనే కదా!"

"ఎమ్ డాట్ టూ అంటే ఆకారం పేరు మాత్రమేనండీ. లోపల మాట్లాడే భాషలు రెండున్నాయి. మీ ముక్క చివర రెండు గాట్లున్నాయి చూడండి. ఇలా ఉంటే చాలావరకు సాటాయే. ఎన్‌వీఎమ్‌ఈకి మామూలుగా ఒక్క గాటే ఉంటుంది."

"మరి లోపలికి చక్కగా దూరిందేంటండీ?"

"దూరుతుంది. పలకదు."

ఆవిడ ఒక్క క్షణం ఆ గాట్లకేసి చూసి, తర్వాత నాకేసి చూసింది.

"ఆ రోజు ఫోన్లో అడగొచ్చు కదా మీరు, ఏ రకమని?"

"మీరు చెప్పొచ్చు కదండీ?"

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి! షాపు నాదా, మీదా?"

నిజమే, అడగాల్సింది నేనే. స్టూలు జరిపాను. ఆవిడ కూర్చుంది. గొడుగు ముడిచి, జుట్టు మీది చినుకులు తుడుచుకుని, అప్పుడు మెల్లగా సంగతి చెప్పింది.

పేరు పెర్సిస్. తాడేపల్లిగూడెంలో సైన్స్ టీచరు. తాతయ్య విశ్వాసం గారిది కొల్లేట్లో తామరలంక. నలభై ఏళ్ళు దోనె మీద జనాన్ని దాటించాడు. చర్చిలో పాట ఎత్తుకుంటే అవతలి లంకకి వినిపించేదట. రెండు నెలల క్రితం గొంతులో గడ్డ అని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కి ముందు నాలుగు రోజులు పెర్సిస్ అక్కడే ఉండి, కెమెరా పెట్టి, ఆయన చేత మాట్లాడించింది, పాడించింది. అదంతా ఈ ముక్కలో ఉంది.

"ల్యాప్‌టాప్ మీద పోయిన ఆదివారం దోనెలో వాన నీళ్ళు పడ్డాయండీ. బోర్డు పోయిందన్నాడు గూడెంలో మెకానిక్. ఈ ముక్క మాత్రం తీసి చేతిలో పెట్టాడు."

"ఇంకో కాపీ?"

తల అడ్డంగా ఊపింది. "ఎల్లుండి ఆదివారం తాతయ్యకీ మామ్మకీ పెళ్ళయి యాభై ఏళ్ళు. చర్చిలో అందరి ముందూ చూపిస్తానని మాటిచ్చాను. తాతయ్య గొంతు ఇంకెక్కడా లేదండీ."

నాకు కంగారు పట్టుకుంది. సగం ఆ డ్రైవ్ గురించి, సగం ఆవిడ కళ్ళ గురించి. అబద్ధం ఎందుకు?

రెండు రకాలనీ చదివే ఎన్‌క్లోజర్లు షాపులో అయిపోయాయి. ఒక్కటుంది, నేను రోజూ వాడుకునేది. అందులోని నా డ్రైవ్ తీసి పక్కన పెట్టాను.

"ఇది అమ్మేది కాదండీ, నాది. రెండు భాషలూ వచ్చు దీనికి."

పెర్సిస్ డ్రైవ్‌ని ఏటవాలుగా దూర్చి, మెల్లగా వంచి, చివర బిగించాను. వేడి లాగే మెత్తటి ప్యాడ్ పైన అంటించి మూత వేశాను. కంప్యూటర్‌కి తగిలించగానే చిన్న నీలం దీపం వెలిగింది.

"వెలిగింది!" అంటూ స్టూలు మీంచి లేచిపోయింది పెర్సిస్.

వెలిగింది గానీ తెరుచుకోలేదు. స్క్రీన్ మీద తాళం బొమ్మ, దాని కింద నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ ఇవ్వమన్న మాట.

"తాళం నేనెప్పుడు వేశానండీ?"

"మీరు వెయ్యక్కర్లేదు. విండోసే వేస్తుంది. కీ మీ అకౌంట్లో ఉంటుంది. లాగిన్ అవ్వండి, ఫోన్‌కి కోడ్ వస్తుంది."

నా కంప్యూటర్లోనే లాగిన్ అయింది. కోడ్ పంపిన నంబరు చివరి అంకెలు చూసి నాలిక కరుచుకుంది.

"ఇది తాతయ్య నంబరండీ. ల్యాప్‌టాప్ కొన్నరోజు నా ఫోన్లో చార్జింగ్ లేక ఆ నంబరిచ్చాను."

వెంటనే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అవతల మామ్మ కనకమ్మ గారు.

"మామ్మా, తాతయ్య ఫోన్‌కి మెసేజ్ వచ్చిందేమో చూడవా? అందులో అంకెలుంటాయి, చదువు."

"ఆఁ, వచ్చిందే. అంకెలు ఎవరికీ చెప్పొద్దని మొన్న బ్యాంకాయన మరీ మరీ చెప్పాడు."

"నేనే కదా అడుగుతున్నాను!"

"నువ్వే అని నాకెలా తెలుస్తుంది? నీ చిన్నప్పుడు నిన్ను కరిచిన బాతు ఎవరిది?"

పెర్సిస్ నాకేసి చూసి సిగ్గుపడింది. "పాపారావు గారిది."

"ఎక్కడ కరిచింది?"

"మామ్మా! పక్కన మనుషులున్నారు!"

"మనుషులా? ఎవరే?"

"నమస్కారమండీ మామ్మగారూ," అన్నాను. "నేను ఏలూరు కంప్యూటర్ షాపు నెల్సన్‌నండీ."

కనకమ్మ గారి గొంతు బాగా మెత్తబడింది. "ఏలూరా బాబూ? పెళ్ళయిందా?"

"మామ్మా, అంకెలు!"

ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని చదివేసరికి ఆ కోడ్ గడువు దాటిపోయింది. రెండోది తెప్పించాం. ఈసారి టకటకా చదివింది. పెర్సిస్ ఒక్కో అంకె పలుకుతుంటే నేను కొట్టాను. కీ కనపడింది. దాన్ని బ్యాగులో ఉన్న చర్చి పాటల పుస్తకం చివరి పేజీలో రాసుకుంది. నలభై ఎనిమిదో అంకె కొట్టగానే ఫోల్డర్లన్నీ వరుసగా వచ్చేశాయి.

మొదటి వీడియో నొక్కింది. నీళ్ళ చప్పుడు, ఆ వెనక నిండైన గొంతు. "రికార్డవుతోందా అమ్మా?"

పెర్సిస్ రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు నిండిపోయాయి, పెదాలు నవ్వుతున్నాయి. పక్కనున్న నేనూ ఎందుకో గట్టిగా నవ్వేశాను.

"ముందు ఒక కాపీ నా కంప్యూటర్లో పెడదామండీ. ఇంకెప్పుడూ ఒక్కచోటే ఉంచకండి," అన్నాను.

నూట ఎనభై జీబీ. ఎన్‌క్లోజర్‌తో వచ్చిన పొట్టి కేబుల్ వాడితే ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. అది అట్టపెట్టెలో నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఇప్పుడు తగిలించి ఉన్నది ఫోన్ చార్జింగ్ కేబుల్, దాంట్లో కాపీ నత్తనడకే. హడావిడిలో చేతికి దొరికింది అదే. చూపు ఒకసారి అట్టపెట్టె మీదకి వెళ్ళింది. ఇంకోసారి బయట వాన మీదకి, ఆ తర్వాత పెర్సిస్ మీదకి. ఏడు నిమిషాలైతే ఈవిడ లేచి వెళ్ళిపోతుంది.

కేబుల్ మార్చలేదు.

"ఎంతసేపండీ?"

"గంటా నలభై నిమిషాలు చూపిస్తోందండీ," అన్నాను. చూపిస్తున్నది అదే. అందులో అబద్ధం లేదు. మొత్తంగా మాత్రం అబద్ధమే.

ఆ గంటా నలభై నిమిషాలూ నా జన్మలో మర్చిపోలేను. పక్క బండి నుంచి వేడి వేడి పునుగులు తెచ్చాను. ఆమె తన ఏడో తరగతి పిల్లల గురించి చెప్పింది. అయస్కాంతం పాఠం రోజు ఒకడు జేబు నిండా మేకులు తెచ్చాడట. నర్సుగా పనిచేసే మా అమ్మ గ్రేస్ గురించి నేను చెప్పాను. ఇంట్లో జ్వరమొచ్చినా చార్టు రాస్తుందని చెబితే పెర్సిస్ పడీ పడీ నవ్వింది. నవ్వినప్పుడు కుడి చెంపన చిన్న సొట్ట పడుతోంది. వాన తగ్గకూడదని గట్టిగా కోరుకున్నాను. తగ్గలేదు.

కాపీ అయ్యేసరికి సాయంత్రం ప్యాసింజర్ వెళ్ళిపోయింది. ఆమె బస్సులో వెళ్తానంది. ఎన్‌క్లోజర్‌ని అట్టపెట్టెలో పెట్టి, "పని అయ్యాక ఇద్దురుగాని. లాగేసేముందు ఎజెక్ట్ కొట్టడం మర్చిపోకండి," అని చేతికిచ్చాను. అందులో పొట్టి కేబుల్ ఉందన్న సంగతి నాకు బుర్రకే రాలేదు.

శనివారం పది గంటలకి ఫోన్.

"నెల్సన్ గారూ, ఒక సందేహం." గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "జాయ్సీ ల్యాప్‌టాప్‌లోకి అంతా ఎక్కించానండీ. ఎనిమిది నిమిషాలు పట్టింది. నిన్న గంటా నలభై ఎందుకు పట్టింది?"

చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాను.

"పెట్టెలో ఉన్న కేబుల్ సంగతి మీకు తెలియదా?"

"తెలుసండీ."

"తెలిసీ?"

"మీరు వెళ్ళిపోతారని, పెట్టలేదు."

"బస్సు దిగి ఇంటికెళ్ళేసరికే రాత్రయింది, నిన్న ఒక్క పాటా ఎడిట్ చెయ్యలేకపోయాను. జాయ్సీకి ఇవాళ సాయంత్రం ల్యాప్‌టాప్ తిరిగిచ్చెయ్యాలి. ఎలా అవుతుందా అని ఏడుపొస్తోంది నాకు. మీరేమో..."

"తప్పేనండీ. వచ్చి సాయం చెయ్యనా?"

"వద్దండీ."

ఫోన్ పెట్టేసింది. ఆ రోజు వచ్చిన వాళ్ళందరికీ ఏం అమ్మానో, ఏం రిపేరు చేశానో దేవుడికే తెలియాలి.

ఆదివారం పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే టక్కున తట్టింది. నిన్న సాయంత్రమే ల్యాప్‌టాప్ తిరిగిచ్చెయ్యాలంది. అంటే సినిమాని ఆ డ్రైవ్‌లోనే పెట్టి, చర్చి టీవీకి నేరుగా తగిలిస్తుంది. కానీ డ్రైవ్‌కి తాళముంది. కంప్యూటర్ కీ అడుగుతుంది, టీవీ అడగను కూడా అడగదు. ఖాళీ స్క్రీన్ చూపించి ఊరుకుంటుంది.

ఫోన్ చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను. లంకలో సిగ్నల్ లేదో, నా మీద కోపం తగ్గలేదో.

"అమ్మా, కొల్లేరు వెళ్తున్నాను."

"ఈ వానలోనా? ఎందుకురా?"

"డ్రైవ్‌కి తాళముందమ్మా!"

అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా రెయిన్‌కోటు తెచ్చిచ్చింది. ల్యాప్‌టాపూ పెన్‌డ్రైవూ రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బండెక్కాను.

దారంతా రెండు పక్కలా చేపల చెరువులే, ఆ గట్ల మీద తడిసి ముద్దయిన కొంగలు. తామరలంక ఇంకో రెండు కిలోమీటర్లుందనగా రోడ్డు మాయమైంది. ఎగువ నుంచి తమ్మిలేరు నీళ్ళు దిగి కొల్లేరు రోడ్డెక్కేసింది. అక్కడో దోనె ఉంది. నడిపేది గంగాభవాని అనే పెద్దావిడ.

"చర్చికండీ! తొందరగా!"

"విశ్వాసం గారి సంబరానికా? ఎక్కండి బాబూ. ఊళ్ళో వాళ్ళంతా అక్కడే ఉన్నారు." గెడ వేస్తూ అడిగింది. "బంధువులా?"

"ఇంకా కాదండీ," అన్నాను. నా నోట్లోంచి ఆ 'ఇంకా' ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ నవ్వుకుని గెడ బలంగా తోసింది.

చర్చి మెట్లెక్కేసరికి లోపల గుసగుసలు. ముందు పెద్ద టీవీ, దాని మీద నల్లటి స్క్రీన్. దాని పక్కన ఎన్‌క్లోజర్‌ని తీస్తూ, పెడుతూ పెర్సిస్. నుదుటి మీద చెమట. ముందు వరసలో తెల్లచొక్కాలో సన్నటి పెద్దాయన, మెడకి చిన్న గుడ్డ కట్టుకున్నాడు. ఆయన పక్కన జరీచీరలో కనకమ్మ గారు.

"పెర్సిస్ గారూ! లాగకండి, దానికి తాళముంది!"

చర్చి చర్చంతా వెనక్కి తిరిగింది. మోకాళ్ళ దాకా బురద, నెత్తి మీంచి నీళ్ళు. అలాగే ముందుకి నడిచాను. పెర్సిస్ చూసిన చూపులో కోపముందో, ఇంకేముందో చూసే తీరిక లేదు.

"పాటల పుస్తకం తెచ్చారా?"

ఆమెకి వెంటనే అర్థమైంది. పరుగున తెచ్చి చివరి పేజీ తెరిచింది. నేను డ్రైవ్‌ని నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. పాస్టర్ గారు ఇంకో పాట ఎత్తుకున్నారు. జనం పాడుతుంటే ఆమె నా చెవి దగ్గరగా వంగి అంకెలు చదివింది, నేను కొట్టాను. నలభయ్యో అంకె దగ్గర ఒకటి కొట్టబోయాను.

"మెల్లగా, నెల్సన్ గారూ. ఏడు. ఏడండీ, ఒకటి కాదు."

తెరుచుకుంది. సినిమాని పెన్‌డ్రైవ్‌లోకి వేశాను.

"ఎంతసేపు?" అంది పెర్సిస్, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

"ఒక్క నిమిషం. ఈసారి నిజంగా ఒక్క నిమిషమేనండీ."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది.

టీవీ వెలిగింది. నీళ్ళు, తామరాకులు, దూరంగా ఎగిరే గూడబాతులు. ఆ వెనక విశ్వాసం గారి గొంతు. ముందు వరసలో ఆయన పెదాలు ఆ మాటలతో పాటే కదులుతున్నాయి. కనకమ్మ గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"కనకమ్మ రోజూ కుట్టుపని నేర్చుకోడానికి నా దోనెలో అవతలి లంకకెళ్ళేది," అంటున్నాడు టీవీలో ఆయన. "ఇరవై నిమిషాల దారి. నేను గంట చేసేవాణ్ణి. నాచు అడ్డమొస్తోంది అనేవాణ్ణి. నాచూ లేదు, ఏమీ లేదు. గెడ నా చేతిలో ఉంది, అంతే."

అందరూ గొల్లుమన్నారు. వెంటనే టీవీలో కనకమ్మ గారి గొంతు. "నాకు మొదటిరోజే తెలుసు. వేరే దోనెలు నాలుగుండేవి. నేను ఎక్కానా?"

ఈసారి చప్పట్లు. విశ్వాసం గారి భుజాలు కదిలిపోతున్నాయి. చప్పుడు లేకుండా నవ్వుతూ, ఏడుస్తూ ఆయన కనకమ్మ గారి భుజం మీద తల ఆన్చేశాడు.

నేను నేల చూపులు చూస్తున్నాను. చెవులు కాలిపోతున్నాయి. పెర్సిస్ నా పక్కకొచ్చి నిలబడింది.

"ఈ సీను నిన్న మీ మీద కోప్పడ్డాక ఎడిట్ చేశానండీ," అంది మెల్లగా. "చేస్తూ నవ్వొచ్చింది. మళ్ళీ కోపమొచ్చింది."

"కోపమెందుకండీ?"

"మామ్మకి తెలుసు. తెలిసే కూర్చుంది. నాకు తెలియదు కదా! మీరు ఉండమని అడిగి ఉంటే కూర్చునేదాన్ని."

"నిజంగానా?"

"అడగలేదుగా మీరు. ఆ రోజు ఫోన్లోనూ అడగలేదు, షాపులోనూ అడగలేదు."

టీవీలో విశ్వాసం గారు పాట అందుకున్నారు, ఆ హోరులో నా మాట ఎవరికీ వినపడదనే ధైర్యం.

"ఇప్పుడు అడుగుతున్నానండీ. మీరంటే నాకు చాలా ఇష్టం. మీకూ ఇష్టమైతే మా అమ్మని మీ ఇంటికి తీసుకొస్తాను. ఇష్టం లేకపోతే ఎన్‌క్లోజర్ ఉంచేసుకోండి, నేను దోనె ఎక్కేస్తాను."

సరిగ్గా అప్పుడే పాట చరణానికీ పల్లవికీ మధ్య ఆగింది. 'దోనె ఎక్కేస్తాను' అన్నది చర్చిలో సగం మందికి వినపడింది.

కనకమ్మ గారు వెనక్కి తిరిగారు. "ఎక్కడికయ్యా ఎక్కేది? ఆ అంకెల అబ్బాయివి నువ్వేనా?"

"అవునండీ మామ్మగారూ."

"ఆ రోజు అడిగినదానికి జవాబు చెప్పనే లేదు. పెళ్ళయిందా?"

"లేదండీ."

ఆవిడ మనవరాలికేసి చూశారు. పెర్సిస్ మొహం ఎర్రబడింది గానీ తల మాత్రం దించుకోలేదు.

"నాకిష్టమే మామ్మా," అంది.

విశ్వాసం గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్నుతో ఏదో రాసి నాకు చూపించారు. వంకర అక్షరాలు. 'నా గొంతు తెచ్చావు. మా పిల్లని అడిగే తీసుకెళ్ళు.'

ఆయన పాదాలకి నమస్కారం పెట్టబోతే లేపి, బురద అంటుకుంటుందని కూడా చూడకుండా గుండెలకి హత్తుకున్నారు. "అమ్మాయి వాళ్ళ నాన్నతో నేను మాట్లాడతాను," అన్నారు కనకమ్మ గారు. "నువ్వు ముందు ఆ కాళ్ళు కడుక్కో బాబూ. కొరమేను పులుసుంది, చల్లారిపోతుంది."

ఆ మధ్యాహ్నం నేను తిన్నంత అన్నం తామరలంకలో ఇంకే అతిథీ తిని ఉండడు.

మంగళవారం స్కూళ్ళకి సెలవు. పదకొండు గంటలప్పుడు ఒక ప్రింటర్ విప్పి కూర్చున్నాను. కౌంటర్ మీద నీడ పడింది. లేతాకుపచ్చ చీర, చేతిలో మల్లెపూల పొట్లం.

"ఏం కావాలండీ?" అన్నాను, నవ్వు ఆపుకోలేక.

"మీ అమ్మగారు ఇవాళ ఇంట్లోనే ఉంటారా అండీ?" అంది పెర్సిస్. "చూసి వెళ్దామని వచ్చాను."

షాపు పెట్టి మూడేళ్ళయింది. పట్టపగలు షట్టర్ దించడం నాకు అదే మొదటిసారి.